సముద్రం మీద గొడుగు

మసేను కుడిచెయ్యి పైకెత్తాడు. ఇంజిను ఆపమని దానర్థం. కళాసీ దేముడు ఆపాడు. బోటు నాలుగు బారలు జారి, నీళ్ళ మీద అరిటాకులా ఆగిపోయింది.

బోటులో ఇరవై రెండుమంది సందర్శకులున్నారు. క్షణం క్రితం దాకా ఒకాయన జంతికలు నములుతున్నాడు, ఒకావిడ ఫోనులో చెల్లెలికి సముద్రం చూపిస్తోంది. ఇప్పుడెవరూ కదలడం లేదు. అందరి చూపూ ఆ ముసలి సరంగు మీదే, బోటు పెద్ద మసేను మీదే ఉంది. ఆయన బోటు అంచున గొంతుకూర్చుని, తెడ్డు ఆకుని నీళ్ళలో ముంచి, పిడిని దవడ ఎముకకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఉంది," అన్నాడు మెల్లగా. "తల్లే. పిల్లతో మాటాడతంది. పైకొస్తన్నారు. ఎడం పక్క సూడండి."

ఎడమవైపు నీళ్ళు నూనె పోసినట్టు నునుపెక్కాయి. ఆ నునుపులోంచి నల్లటి వీపు లేచింది. లేస్తూనే ఉంది, ఎంతకీ అయిపోలేదు. చప్పుడు లేదు, తుళ్ళింత లేదు. పాతకాలపు పెద్ద తలుపు తెరిచినట్టు ఒక నిట్టూర్పు, ఆ వెనకే ఆవిరి. దాని పక్కనే మరో చిన్న నిట్టూర్పు. ఆ తుంపర వాళ్ళ ముఖాల మీద పడింది. జంతికల ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

మసేను కూతురు మరిడేశ్వరి తిమింగలాన్ని చూడటం లేదు. చేతిలో ఉన్న కంప్యూటరు పలక మీద గీతల్ని చూస్తోంది. మధ్యమధ్య తండ్రి ముఖం చూస్తోంది. అసలు ఆ ముఖం కోసమే ఆమె పన్నెండేళ్ళు కష్టపడింది.

మసేను ముప్పై ఎనిమిదేళ్ళు డీజిలు ఇంజిను పక్కన బతికాడు. ఇంజిను ఆయనకి అన్నం పెట్టి, చెవులు తీసుకుంది. ముందు పిట్టల అరుపులు పోయాయి. తరవాత ఆడవాళ్ళ గొంతులు, ఆ తరవాత మగవాళ్ళవి. చెవిలో పెట్టే యంత్రాలు, ఎముకకి ఆనించే యంత్రాలు అన్నీ అయ్యాయి. మాటలు వాటిలోంచి చిరుగుల వలలోంచి చేపల్లా జారిపోయేవి. బాగా లోతైన, నిదానమైన శబ్దాలు మాత్రమే ఆయనకి మిగిలాయి. లోకంలో అంత లోతుగా, అంత నిదానంగా మాట్లాడే ప్రాణి ఒక్కటే ఉంది. అది నీళ్ళలో ఉంది.

కానీ సముద్రం లోపల ఒకటే గోల. పైన ఎంత ప్రశాంతంగా కనిపించినా లోపల వందల ఓడల ఇంజిన్లు రాత్రింబవళ్ళు రొద పెడుతుంటాయి. ఊరేగింపులో బ్యాండు మేళం పక్కన నిలబడి గుసగుసలాడుకోవాలంటే ఎలా ఉంటుంది? తిమింగలాల బతుకు అలా ఉంది. తెడ్డుకి దవడ ఆనిస్తే మసేనుకీ ఆ రొదే వినబడేది.

అందుకని మరిడేశ్వరి గొడుగు చేసింది.

ఆరు కిలోమీటర్ల వలయంలో, లంగరేసి నీళ్ళ మీద తేలే ఏడు పసుపుపచ్చ బోయాలు. ప్రతి బోయా ఇంజిను శబ్దాన్ని విని, దానికి సరిగ్గా ఎదురు శబ్దం పలుకుతుంది. కెరటం ఉన్నచోట గుంట, గుంట ఉన్నచోట కెరటం. రెండూ కలిసి చదునైపోతాయి. తిమింగలం గొంతుని మాత్రం ముట్టుకోదు. ఏ శబ్దమైనా ఒకే తీరుగా నాలుగుసార్లు వినిపిస్తే చాలు, బోయాలు దాన్ని నేర్చుకుని మింగేస్తాయి. ఆమె పనిచేసే పరిశోధన కేంద్రం వాళ్ళు దానికి పొడుగాటి పేరేదో పెట్టారు. ఆమె ఊరు కొండరేవు జనం మాత్రం గొడుగన్నారు. అదే నిలిచింది.

వేసవిలో అరవై ఒక్క రోజులు చేపల వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లోనే గొడుగు విప్పారు. తొమ్మిదో నాటికల్లా తిమింగలాలు వచ్చాయి. ఎండన పడి నడిచేవాడికి నీడ కనిపించినట్టు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ వలయంలో ఆగిపోయాయి. డాల్ఫిన్లు వచ్చాయి, తాబేళ్ళు వచ్చాయి, చుక్కల సొరచేపలు వచ్చాయి. వాటి వెనకాల మనుషులు వచ్చారు. వేట లేక చీట్లపేక ఆడుకునే బోట్లకి పని దొరికింది.

"నాన్నా, ఏమంటోంది?" అని ఆయన ఎడమ చెవి దగ్గర అరిచింది మరిడేశ్వరి.

మసేను కళ్ళు తెరవలేదు. పెదాలు మాత్రం నవ్వాయి.

"అరవకే అమ్మీ. అది సెప్పుకుంటంటే మద్దెలో మనకేటి!"

* * *

ఇంట్లో వ్యవహారం వేరు.

"సేపల పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని మసేను భార్య నూకాలు అడిగింది.

"ఆఁ, తెల్లారి నాలుక్కి ఎల్తాం," అన్నాడు మసేను.

"ఓలమ్మో! నానేటడిగాను, ఈ మనిషేటి సెప్తన్నాడు!" నూకాలు నెత్తి కొట్టుకుంది. తరవాత తనే నవ్వింది. "ఏటైనా అను. మూడేళ్ళు ఆ గోడకి ఆనుకుని బొమ్మనాగ కూసున్నాడు. పక్కింట్లో పెళ్ళయితే బాజాలు సూసొచ్చాడు గానీ ఇన్నేదు. ఇప్పుడు సూడు. సముద్రం నుంచి రాగానే సొల్లు కబుర్లు. ఆ తల్లి ఇలాగంది, పిల్ల అలాగంది అని. నా సవితి దొరికినట్టుంది నీ అయ్యకి."

మరిడేశ్వరి నవ్వుతూ తండ్రి వైపు చూసింది. ఆయన కంచంలో వేలితో వంకర గీతలు గీస్తున్నాడు. తిమింగలం గొంతు ఎలా ఎక్కి ఎలా దిగుతుందో గీస్తున్నాడని ఆమెకి తెలుసు. పరిశోధన కేంద్రంలో తెర మీద కనిపించే గీతలూ అచ్చం అలాగే ఉంటాయి.

మే నెల మూడోవారంలో, ఒక ఉదయం, కొండరేవు ఇసకలోకి ఒక డాల్ఫిన్ కొట్టుకొచ్చింది. వీపు మీద వరసగా నాలుగు కోతలున్నాయి. ఇంజిను రెక్కలు కోసిన కోతలు. అంతకు ముందు వారం ఒక తాబేలు అలాగే వచ్చింది.

పరిశోధన కేంద్రం పాత తుఫాను షెల్టరులో, పై అంతస్తులో రెండు గదులు. అధిపతి డాక్టర్ త్రివిక్రమ్ కాగితాల మీద నుంచి తలెత్తకుండా అన్నాడు. "ఏటా ఇలాంటివి ఒకటో రెండో వస్తూనే ఉంటాయి మరిడేశ్వరీ. గొడుగు లేనప్పుడు రాలేదా? ఇది చూడండి." తెర ఆమె వైపు తిప్పాడు. "తల్లి గుండె వేగం సగానికి తగ్గింది. నిద్ర రెట్టింపైంది. భయం అన్నది లేదు. అవి మనల్ని నమ్ముతున్నాయి."

ఆ మాట ఆమెకి తీపిగా తగిలింది. పది రోజులుగా తనకీ అలాగే అనిపిస్తోంది. బోటు పది గజాల దగ్గరికి వెళ్ళినా తల్లి కదలడం లేదు. నీళ్ళ మీద ఎండలో పడుకుని, తోక కొస మాత్రం ఆడిస్తూ, ఏదో కల కంటున్నట్టు ఉంటోంది. పిల్ల దాని వీపు మీంచి జారుతూ ఆడుకుంటోంది. ఫోటోలు దేశమంతా తిరుగుతున్నాయి.

కింద మెట్ల మీద మసేను కూర్చుని ఉన్నాడు. డాల్ఫిన్‌ని పూడ్చి వచ్చాడు. చేతులకి ఇసక.

"అమ్మీ, అది నమ్మకం కాదే," అన్నాడు.

పై గదిలో మాట ఆయనకి వినపడే అవకాశం లేదు. ఆ డాక్టరు రోజూ అనే మాటే మళ్ళీ అన్నాడని కూతురి ముఖం చూసి పోల్చుకున్నాడు.

"మరేంటి?" అందామె ఆయన కళ్ళ ముందుకొచ్చి, పెదాలు కదలడం కనబడేలా.

మసేను పక్కకి జరిగి కూతురికి చోటిచ్చాడు. అరచేతుల ఇసక దులుపుకున్నాడు.

"మొన్న మాఘంలో హార్బరు గేటు కాడ రోడ్డు దాటతన్నాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో! గోల నేదు, గొడవ నేదు. లోకమంతా నిద్దరోయినట్టుంది. ఒరే మసేనూ, ఇంత సుకం ఎప్పుడైనా ఎరుగుదువేటిరా అనుకుంటన్నాను. దేముడు నా సొక్కా పట్టుకుని ఎనక్కి లాగాడు. ఐసు లారీ నా ముక్కు రాసుకుని పోయింది. ఆడు హారను కొడతానే ఉన్నాడంట."

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"సెప్తే నన్ను ఇల్లు కదలనిత్తావేటి?" అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "గోల నేకపోవడం ఒకటి, ఇనపడకపోవడం ఒకటి. బయటున్నోడికి తెలుత్తాది తేడా. లోపలున్నోడికి రెండూ ఒకటే. ఆ తల్లికి గోల తీసేసావు. దానితోపాటు లారీ హారను కూడా తీసేసావు."

మరిడేశ్వరికి కోపం వచ్చింది. తప్పు తనదని తెలిసేముందు వచ్చే కోపం.

"ఓడల దారి గొడుక్కి మూడు మైళ్ళ అవతల ఉంది నాన్నా. ఒక్క ఓడా ఇటు రాదు."

"ఒక్కటీ రాపోతే ఆ డాల్ఫినుని కోసిందేటే?"

ఆమె నాలుక చివర ఒక మాట ఉంది. పైకి అనలేని మాట. గొడుగు ముడిస్తే నీకు ఇంకేం వినబడదు నాన్నా.

అనలేదు. గొడుగూ ముడవలేదు. ఇంకో మూడు వారాలు, నిషేధం అయ్యేదాకా చూద్దామనుకుంది.

* * *

జూన్ అయిదో తారీకు, ఉదయం పదకొండు గంటలు.

సముద్రం మీద ఎండ ఆవిరిలా కమ్ముకుంది. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. బోటు గాలిలో వేలాడుతున్నట్టుంది. నాలుగువందల గజాల దూరంలో తల్లి నీళ్ళ మీద దుంగలా తేలుతూ నిద్రపోతోంది. పిల్ల దాని రెక్క కింద ఒదిగి ఉంది. సందర్శకులు గుడిలో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

ఓడని ముందు చూసింది దేముడు.

"అమ్మగారో, అదేటి, మేడ కదిలి వత్తన్నట్టుంది!"

ఆవిరిలోంచి ఎర్రటి ఇనుప గోడ ఒకటి బయటికొచ్చింది. ఖనిజం మోసే ఓడ. లంగరు వేసే చోటు నిండిపోయిందని, కొత్త చోటు వెతుక్కుంటూ దారి తప్పి ఇటు తిరిగింది. ముక్కు సూటిగా తల్లి వైపే ఉంది.

మరిడేశ్వరి రేడియో అందుకుంది. అవతల కెప్టెన్ గొంతు కంగారుపడింది. ఇంజిను తగ్గించాడు. కానీ ఎనభైవేల టన్నుల బరువు అనుకున్న చోట ఆగదు. పక్కకి తిప్పుదామంటే ఎడమవైపు లంగరేసిన ఓడలు, కుడివైపు లోతు లేని ఇసక మెరక.

"ఎంత టైముంది?"

"పన్నెండు నిమిషాలు మేడమ్. హారన్ కొడుతూనే ఉన్నాను. మీ జంతువు కదలదేం?"

హారను వీళ్ళ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. కానీ అది గాలిలో. ఓడ కింద ఇంజిను చేసే రొద, తిమింగలాన్ని అయిదు మైళ్ళ అవతలే తట్టి లేపాల్సిన రొద, గొడుగు అంచు దాటగానే మాయమైపోతోంది. బోయాలు తమ పని తాము శ్రద్ధగా చేస్తున్నాయి.

"గొడుగు ముడిచెయ్యమ్మా!" అని అరిచాడు దేముడు.

ఆమె అప్పటికే పలక మీద మీట నొక్కింది. తెర మీద అంకె వచ్చింది. నలభై రెండు నిమిషాలు.

ఆ అంకె పెట్టింది తనే. కిందటేడు పరీక్షలో గొడుగుని ఒక్కసారిగా ముడిస్తే, ఉన్నట్టుండి మీద పడ్డ రొదకి డాల్ఫిన్లు బెదిరి ఒడ్డెక్కాయి. అందుకని బోయాలు ఒకటి తరవాత ఒకటి, నెమ్మదిగా, జోకొట్టినట్టు ఆగేలా చేసింది. ఎవరూ తొందరపడి మార్చకుండా తాళం కూడా వేసింది. వాటి మీద జాలితోనే చేసింది. అదే ఇప్పుడు అడ్డుపడింది.

"బోటు దాని మీదకి పోనిద్దునా?" దేముడు ఇంజిను మీద చెయ్యి వేశాడు.

"ఇరవైమంది ఉన్నారు దేముడూ. తోక ఒక్కటి ఆడించిందంటే మనం మిగలం. బాదండి! బోటుని బాదండి! అందరూ!" అని అరిచింది మరిడేశ్వరి.

కర్రలు, ఐసు పెట్టె మూతలు, సిలవరు గిన్నెలు, చెప్పులు, ఏది దొరికితే అది తీసుకుని అందరూ బోటు పక్కల్ని బాదడం మొదలెట్టారు. చేపల్ని వలలోకి తోలడానికి ఈ రేవులో తాతల నాటి నుంచీ అలాగే బాదుతారు. మసేను తెడ్డు ఆకుని నీళ్ళలో దించి, పిడిని బోటు పక్కకి అదిమిపెట్టి, ఇనుప కడ్డీతో కొడుతున్నాడు.

మరిడేశ్వరి పలక చూసింది. మొదటి దెబ్బలు తెర మీద కొండల్లా లేచాయి. రెండోవి, మూడోవి కూడా. తరవాత కొండలు గుట్టలయ్యాయి. గుట్టలు చదునైపోయాయి.

ఎందుకో ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. చెవులకి అర్థమైంది. దేముడూ, రెండో కళాసీ తాతారావూ వల లాగే మనుషులు. పదిమంది కలిసి తాడు లాగాలంటే ఒక్క ఊపు ఉండాలి. పాతికేళ్ళ అలవాటు. చేతులు వాటంతటవే తాళంలో పడిపోయాయి. వాళ్ళని చూసి సందర్శకులందరూ భజనలో చప్పట్లు కొట్టినట్టు ఆ తాళమే అందుకున్నారు. ధన్, ధన్, ధన్, ధన్. ఒకే తీరుగా నాలుగుసార్లు. బోయాలు నేర్చేసుకున్నాయి. మింగేస్తున్నాయి.

"తాళం తప్పండి!" అని గొంతు చించుకుంది. "కలిసి కొట్టకండి! ఎవరికి వాళ్ళు కొట్టండి!"

"అలాగేనమ్మా!" అన్నాడు తాతారావు. రెండు దెబ్బలు తప్పాడు, మూడో దెబ్బకి మళ్ళీ దేముడితో కలిశాడు. "ఓరి దీని దుంపతెగ! సెయ్యి ఇనట్నేదమ్మా!"

ఏడు నిమిషాలు. ఓడ మీద అక్షరాలు కనిపిస్తున్నాయి.

తెర మీద అంతా చదును. ఒక్కచోట మాత్రం ఒక సన్నటి ముల్లు లేస్తోంది. ఆగి, ఇంకొకటి. వెంటనే రెండు. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒకటి. దేనికీ దేనితోనూ పొత్తు లేదు.

మరిడేశ్వరి తలెత్తింది.

మసేను వీళ్ళ వైపు చూడటం లేదు. ఆయన చూపంతా తల్లి మీదే ఉంది. చుట్టూ ఇరవైమంది వేస్తున్న తాళం ఆయనకి అందడమే లేదు. కొడుతున్నాడు, ఆగి చూస్తున్నాడు, "లెగవే, లెగు" అంటున్నాడు, రెండు కొడుతున్నాడు, పళ్ళు బిగించి మళ్ళీ ఒకటి కొడుతున్నాడు.

"ఆపండి!" అందామె. "అందరూ ఆపెయ్యండి! నాన్న ఒక్కడే కొట్టాలి!"

బోటు నిశ్శబ్దమైపోయింది. తను ఒక్కడే మిగిలాడని మసేనుకి తెలీదు. అరవై ఆరేళ్ళ మనిషి, చెమటతో మెరిసే వీపు, ఇనుప కడ్డీ. ఠాంగ్. ఠాంగ్ ఠాంగ్. సందర్శకుల్లో ఎవరో చేతులు జోడించారు. తెర మీద ముల్లు ఇప్పుడు కొండంతైంది. బోయాలు ఆ దెబ్బల్ని పట్టుకోవాలని చూస్తున్నాయి, పట్టుకోలేకపోతున్నాయి.

నాలుగు నిమిషాలు. మూడు.

తల్లి తోక కొస ఆగింది.

నిద్రలో పేరు పెట్టి పిలిస్తే మనిషి కదిలినట్టు ఆ నల్లటి వీపు ఒకసారి కదిలింది. తల్లి ఒక పక్కకి ఒరిగింది. ఒక కన్ను నీళ్ళ పైకొచ్చి, ఎర్రటి ఇనుప గోడని చూసింది. మరుక్షణం పిల్ల దాని వీపు మీద ఉంది. సముద్రం గుంటపడి, మళ్ళీ నిండింది. ఇద్దరూ లేరు.

ఓడ ఆ నునుపు మీదుగా మెల్లగా, మేఘంలా వెళ్ళిపోయింది. దాని అల వచ్చి బోటుని ఎత్తి దించింది. ఎవరూ కేరింతలు కొట్టలేదు. సందర్శకుల్లో ఒకాయన ఎందుకో చెప్పులు కాళ్ళకి తొడుక్కుని మళ్ళీ విప్పాడు.

మసేను ఇంకా కొడుతూనే ఉన్నాడు. మరిడేశ్వరి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది.

* * *

"ఓడల వాళ్ళకి లేఖ రాస్తాం. వలయం చుట్టూ కాపలా పెడతాం," అన్నాడు త్రివిక్రమ్. ముడుచుకుంటున్న గొడుగుని కేంద్రం నుంచి మళ్ళీ విప్పించి తాళం వేసింది ఆయనే. "పన్నెండేళ్ళ పని మరిడేశ్వరీ. ఒక్క ప్రమాదం తప్పిందని గొడుగు ముడిచేస్తానంటే ఎలా?"

"తప్పింది ఒకటండీ. తప్పనివి రెండు ఇసకలో పూడ్చాం. ఓడల దారి మారిన రోజు మళ్ళీ విప్పుదాం."

"అది మన చేతుల్లో లేదు. ఎప్పటికి మారేను?"

"అప్పటిదాకా అవి గోలలోనే బతకనివ్వండి. బతకడం ముఖ్యం కదా."

ఆయన తెర ఆపేశాడు. బల్ల సొరుగులోంచి తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నూకాలు చేపలు కడుగుతోంది. కూతురు చెప్పింది విని, తలెత్తకుండా అడిగింది.

"మరి ఆ మనిసో?"

"అదేనమ్మా."

"మళ్ళీ గోడకి ఆనుకుంటాడు."

"నువ్వు వద్దంటే..."

"నానెందుకంటానే!" నూకాలు కత్తి పక్కన పడేసింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి పొలుసులు. భుజంతో తుడుచుకుంది. "ఆడదాన్ని, పిల్లల తల్లిని. ఎల్లి ఆడికి నువ్వే సెప్పు. నా వల్ల కాదు."

మసేను పెరట్లో వల బాగుచేసుకుంటున్నాడు. మరిడేశ్వరి ఎదురుగా కూర్చుంది. ఎంత మెల్లగా మాట్లాడినా ఆయన పెదాలు చదువుకోగలడు. అయినా ఆమె వల అంచు చేతిలోకి తీసుకుని ముడులు లెక్కపెట్టింది. ఆయనే మొదలెట్టాడు.

"రేపేనేటి?"

ఆమె తలూపింది. "నాన్నా, నీకోసమే చేశాను. నీకు ఇంకేం..."

"ఓసి పిచ్చిమొకమా! నలపై రోజులిన్నాను. ఎవలికి దొరుకుతాది?" వల ముడి బిగించి, పళ్ళతో దారం తెంపాడు. "ఒక్కటి సెయ్యి. ఆకరి బోయా ఆగిందాకా నన్ను బోటులో ఉండనీ. దాన్ని సాగనంపాల."

* * *

మర్నాడు పొద్దున బోటులో ముగ్గురే. మసేను, మరిడేశ్వరి, దేముడు. సముద్రం లేత నీలం రంగులో, పలచటి ఆవిరిలో ఉంది. తల్లీ పిల్లా గొడుగు నడిమధ్యకి తిరిగొచ్చి ఉన్నాయి. నిన్న జరిగింది నిన్నతోనే మరిచిపోయినట్టు. అది చూసి మరిడేశ్వరి పలక ఒళ్ళోకి తీసుకుంది.

దేముడు ఇంజిను ఆపాడు. మసేను తెడ్డు దించి, దవడ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆమె పలక మీద తాళం తీసి, మీట నొక్కింది.

తెర మీద మొదటి బోయా దీపం ఆరింది. ఆయన ముఖంలో మార్పు లేదు. ఏదో మాటకి నవ్వాడు.

రెండోది. మూడోది. "దూరంగా వాన పడతన్నట్టుంది ఓడల రొద," అన్నాడు.

నాలుగోది ఆరాక నుదురు ముడుచుకున్నాడు. తెడ్డుని ఇంకా గట్టిగా అదుముకున్నాడు, ఎవరో చెయ్యి వదిలించుకుని పోతుంటే పట్టుకున్నట్టు. అయిదోది ఆరాక ఆయన మూసిన కళ్ళ చివర తడి కనిపించింది. మరిడేశ్వరి వేలు పలక మీద ఆగింది. మీట మళ్ళీ నొక్కితే బోయాలు వెనక్కి వెలుగుతాయి. తండ్రి వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకునే, ఎడమ చెయ్యి చాపి ఆమె మోకాలు తట్టాడు. కానియ్యి అన్నట్టు.

ఆరోది ఆరింది.

"వానొచ్చీసింది అమ్మీ. మీదే పడతంది. దాని గొంతు... ఇంకా ఉంది... సన్నంగా..." చాలాసేపు ఊపిరి బిగబట్టి విన్నాడు. "ఏదో అంది. అందనేదు."

ఏడో దీపం ఆరింది.

మసేను ఇంకో అయిదు నిమిషాలు అలాగే ఉన్నాడు. తరవాత తెడ్డు పైకి తీసి, నీళ్ళు దులిపి, బోటు అడుగున పడుకోబెట్టాడు. లేచి నిలబడి, చేత్తో ఎండ కాచుకుని, తల్లి ఉన్న వైపు చూశాడు. రెండువందల గజాల దూరంలో అది వీపు తేల్చి ఉంది.

"దేముడూ, ఇంజినెయ్యి," అన్నాడు.

ఇంజిను దగ్గి, మొదలైంది.

అటు నీళ్ళు ఒక్కసారిగా చిందాయి. తల్లి గిరుక్కున తిరిగింది. పిల్లని రెక్కతో లోపలికి లాక్కుని, వీళ్ళ నుంచి దూరంగా, తూర్పుకి, నడిసముద్రానికి పరుగెత్తింది. తోక రెండుసార్లు నీళ్ళని కొట్టింది. అంతే, మునిగిపోయింది.

మసేను ఆనందం పట్టలేక కూతురి భుజం పట్టి ఊపేశాడు.

"సూసావేటే? పారిపోయింది! మన ఇంజిను ఇనపడి పారిపోయిందే!"

"అవును నాన్నా," అంది మరిడేశ్వరి.

ఆయనకి వినబడలేదు. ఖాళీ సముద్రం వైపు చూస్తూ చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.